సైరన్ ఆగేదాకా

21 ఏప్రిల్ 2003, సోమవారం

కొత్త కంప్యూటర్ వచ్చింది. రాయపూర్‌లో కట్టించాను. పాతది పోయిన నెల గాలివాన రోజున పొగ వదిలి పడుకుంది. దాని కడుపులోంచి బతికి బయటపడ్డవి రెండే, హార్డ్ డిస్కూ సౌండ్ కార్డూ. కార్డు 98లో కొన్నది. అరచేయంత ఆకుపచ్చ పలక, వెనక లావుపాటి వైరు, వైరు చివర మైకులు గుచ్చే నీలం పెట్టె. తయారు చేసిన కంపెనీ మూతపడింది. దుకాణంవాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "భయ్యా, ఇసే మ్యూజియం మే రఖ్ దో" అన్నాడు, మ్యూజియంలో పెట్టుకొమ్మని. నేను నవ్వలేదు. నా భార్య డైసీ పాడిన ఫైళ్లు ఆ కార్డుతో వచ్చిన సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. ఆ సాఫ్ట్‌వేర్ ముందు కార్డు ఉందా లేదా అని చూసుకుంటుంది. లేదంటే తెరుచుకోదు. ఇది వాడికి చెప్పి లాభమేమిటి?

మే 14కి డైసీ పోయి ఏడాది. జ్ఞాపకార్థ కూడికలో ఆమె చివరి పాట వినిపిస్తానని వాళ్లమ్మకు, మా అత్తకు మాట ఇచ్చాను. నిన్న ఈస్టర్ ఆరాధన అయ్యాక ఖుర్సీపార్ గుడి మెట్ల మీద అత్త మళ్లీ నా చెయ్యి పట్టుకుంది.

"మూడో సరణం ఇనాల బాబూ. డైసీ పుట్టిన్నాడు మీ మావ రాసినాడది. దాని గొంతులో ఒక్కసారి ఇంటే సాలు. నాను ఇంకేటీ అడగను."

వినిపిస్తానన్నాను. పాట మొత్తం ఉంది. మూడు చరణాలూ ఉన్నాయి.

23 ఏప్రిల్

కొత్త కంప్యూటర్‌కు పాత కార్డు కనబడటం లేదు. దాని డ్రైవరు ఫ్లాపీ విండోస్ 98 కోసం రాసింది, ఇందులో ఉన్నది ఎక్స్‌పీ. సెక్టర్ 4 నెట్ సెంటర్‌లో పొద్దంతా కూర్చుని ఎవరో రష్యావాడు రాసిన డ్రైవరు ఒకటి దించుకొచ్చాను. పెట్టాను. కార్డు దొరికింది, పాట తెరుచుకుంది.

వేగం మాత్రం తప్పింది. పాత లెక్కలో రికార్డయిన దాన్ని ఇది కొత్త లెక్కలో తోస్తున్నట్టుంది. పాట పరుగెత్తింది, గొంతు పైకి పోయింది. మొదటి చరణం పదమూడేళ్ల పిల్ల పాడుతున్నట్టు వచ్చింది. పదమూడేళ్ల డైసీ గొంతు నాకు తెలుసు. మరోదా సెక్టర్‌లో సండే స్కూల్ పోటీకి తబలా వాయించడానికి వెళ్లినప్పుడు మొదటిసారి విన్నది ఆ గొంతే.

ఒక నిమిషం ఆపలేకపోయాను. తర్వాత ఆపేశాను.

25 ఏప్రిల్

డిస్కులో ఒక ముక్క కోసి అందులో 98 ఎక్కించాను. ఇప్పుడు వేగం సరిపోయింది. కార్డు మొదటి స్లాటులో పెడితే మౌసు చచ్చిపోతుంది, రెండో దాంట్లో పెడితే తెర నీలమవుతుంది. మూడో దాంట్లో బుద్ధిగా కూర్చుంది. అత్తగారింట్లో అల్లుడికి కూడా ఇన్ని అలకలుండవు.

గొంతు వెనక ఒకటే బొంయ్‌మని మోత. ఎర్తింగ్ సరిగా లేదు. రేపు గోవిందరావు మావయ్యను పిలవాలి.

26 ఏప్రిల్

గోవిందరావు మావయ్య భిలాయ్ స్టీల్ ప్లాంటు ఎలక్ట్రికల్ షాపులో ముప్ఫై ఏళ్లు చేసి రిటైరైనవాడు. మాకు చుట్టం కాదు, పలాస మనిషి. ఖుర్సీపార్‌లో మా అందరికీ మావయ్యే. పెరట్లో, నా రికార్డింగ్ స్టూడియో గోడ పక్కన గొయ్యి తీయించాడు. రాగి పలక నిలబెట్టి, చుట్టూ ఒక వరస ఉప్పు, ఒక వరస బొగ్గు వేయించాడు. నీళ్లు పోసి మట్టి కప్పాం. ఆరడుగుల లోతు. అంత లోతు ఎందుకన్నాను.

"తడి దొరకాలి కదేటోయ్. పైపైన పాతిపెడితే కరెంటు మళ్లీ పైకే వొచ్చీస్తాది."

మోత పోయింది. బాగా పోయింది. ఇంత నిశ్శబ్దం ఈ గదిలో ఇంతకుముందు ఎప్పుడూ వినలేదు.

పనిలో పనిగా పాడేవాళ్లు నిలబడే బూత్ ఊడ్చాను. ఏడాది దుమ్ము. నేను సొంతంగా ప్లైవుడ్‌తో కట్టిన గది అది, ఇద్దరు నిలబడితే మోచేతులు తగులుతాయి. గోడలకూ తలుపుకూ ఫోమ్, తలుపుకు స్ప్రింగు, బయట మూసుకోగానే దానంతటదే పడే గొళ్లెం, చూసుకోవడానికి జానెడు గాజు పలక. మైకు స్టాండు వెనక ఎండి గలగలమనే ఉల్లిపాయ ఒకటి దొరికింది. పారేశాను. తలుపుకు లోపలి నుంచి కూడా తీసే గొళ్లెం పెట్టించాలి. ఎప్పటినుంచో అనుకుంటున్నాను.

28 ఏప్రిల్

మధ్యాహ్నం రెండింటికి ఎప్పటిలాగే షిఫ్ట్ సైరన్ మోగింది. హెడ్‌ఫోన్లు చెవులకే ఉన్నాయి. నీలం పెట్టెకు మైకు గుచ్చలేదు. ఒక్క వైరు కూడా లేదు. పాట కూడా పెట్టలేదు.

ఏక్, దో, తీన్, చార్, పాంచ్, ఛే, సాత్.

నోట్లో గొణుక్కున్నట్టు, ఊపిరితో. సాత్ దగ్గర ఆగిపోయింది.

పాత కార్డులో ఎక్కడో మిగిలిపోయిన శబ్దం అయి ఉంటుంది. బఫర్ అంటారు దాన్ని. కార్డులు కొంచెం శబ్దం దాచుకుంటాయి, తర్వాత వదులుతాయి. కరెంటు లేకుండా నెలన్నర అట్టపెట్టెలో పడున్న కార్డు దాచుకుంటుందా అంటే, ఏమో. పాత వస్తువుల సంగతి ఎవరికి తెలుసు?

29 ఏప్రిల్

రెండింటికి. గ్యారహ్ దాకా, పదకొండు.

30 ఏప్రిల్

రికార్డు చేశాను. తేరహ్ దాకా వచ్చింది. ఫైలు తెరిచి చూస్తే గీత గీసినట్టు చదును. ఏమీ లేదు. ఎర్తింగ్ అంత బాగా కుదిరింది.

2 మే

సైరన్ వేళకు గోవిందరావు మావయ్యను కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు తగిలించాను. ఎందుకో చెప్పలేదు. సైరన్ అయ్యాక తీసి చెవులు తుడుచుకున్నాడు.

"పక్కింట్లో పిల్లెవర్తో అంకెలు సదువుకుంటన్నట్టుంది. గోడలోంచి వస్తంది. ఏటవదు, ఒగ్గీ."

హాయిగా అనిపించింది. మావయ్య వెళ్లాక రెండు కప్పుల టీ తాగాను.

పక్కిల్లు మార్చి నుంచి తాళం వేసి ఉంది.

4 మే, ఆదివారం

అత్త వాళ్లింట్లో భోజనం. అత్త పేరు సింహాచలమ్మ. బాప్తిస్మంలో ఎస్తేరు అన్నారు గానీ ఆ పేరుతో పిలిచినవాళ్లు లేరు. బయట నలభై అయిదు డిగ్రీలు. వచ్చేటప్పుడు నా చొక్కా జేబులో ఉల్లిపాయ పడేసింది. లూ, అంటే వడగాలి, తగలకుండా ఇక్కడ అందరూ చేసేదే. "డైసీకి కూడా ఆయేల నానే నడుంకి కట్టినాను" అంది. "అది ఉండగా దానికి లూ ఎలా తగిలినాదో నాకు ఇప్పటికీ తెలీదు బాబూ."

మంచినీళ్లు తాగాను.

ఆ రోజు సంగతి మళ్లీ చెప్పమంది. చెప్పాను. ఎప్పుడూ చెప్పేదే. కూలర్ మోతకు మైకులో గోల కాబట్టి కూలర్ కట్టేశాం. రెండు చరణాలు పాడింది. సైరన్ మోగింది. సైరన్ నలభై లెక్క. రికార్డింగ్ మధ్యలో ఆపితే పాత కంప్యూటర్ బిగుసుకుపోయేది, అందుకని సైరన్ వస్తే పాడేవాళ్లు అలాగే నిలబడి నలభై లెక్కపెట్టాలి. సైరన్ ఆగగానే తాళం తప్పకుండా అందుకోవాలి. ఆ ముక్క నేను తర్వాత కత్తిరిస్తాను. ఖుర్సీపార్‌లో స్టూడియో అంటే అంతే. డైసీ లెక్క హిందీలో పెట్టేది. భిలాయ్‌లో పుట్టిన పిల్ల, తెలుగు పాటలు కూడా హిందీ అక్షరాల్లో రాసుకుని పాడేది. నలభై లెక్కపెట్టింది, మూడో చరణం పాడింది, బయటికొచ్చి నీళ్లు తాగింది, తలనొప్పి అని పడుకుంది.

అత్త కళ్లు మూసుకుని విన్నది. పెదవులు కదులుతూనే ఉన్నాయి. చిన్నప్పుడు డైసీకి ఆ లెక్క నేర్పింది తానేనట. షిఫ్ట్ సైరన్ ఆగాక ఎన్ని లెక్కపెడితే వాళ్ల నాన్న సైకిలు గేటు దగ్గరికి వస్తుందో చూడమనేదట.

6 మే

మూడో చరణం లేదు.

రాసేశాను, ఇంకేం. ఇది నేను తప్ప ఎవరూ చదవరు. ఉన్నవి రెండు చరణాలే. ఇంకో ఎనిమిది రోజుల్లో అత్త ముందు వరసలో కూర్చుంటుంది.

ఆలోచన వచ్చింది. కార్డు ఎక్స్‌పీలో వేగం తప్పుతుంది కదా. ఆ తప్పును వాడుకుందాం. క్వయర్‌లో షీబా గొంతు డైసీ గొంతు కంటే కొంచెం కిందన ఉంటుంది. షీబా చేత నెమ్మదిగా పాడించి, తప్పు వేగంలో తోస్తే డైసీ ఎత్తుకు వస్తుంది. అత్త వయసు అరవై అయిదు. పోల్చుకోలేదు.

ఇలా రాస్తుంటే సిగ్గేస్తోంది. అయినా ఆమె కోసమే కదా.

8 మే

షీబా పన్నెండున్నరకు వచ్చింది. తలుపుకు ఇటుక అడ్డం పెట్టి కొంచెం తెరిచే ఉంచాను, కూలర్ కూడా నడిచింది. గోల వస్తే రానీ. ఎర్ర బటను నొక్కి బల్ల మీది మైకులో మాట్లాడితే లోపల హెడ్‌ఫోన్లలో వినబడుతుందని చెప్పి చూపించాను. పల్లవి కుదరడానికే గంట పైన పట్టింది. మూడో చరణం ఎత్తుకుంది.

"తట్టగానే తలుపు తీసెడి తండ్రీ..."

సైరన్. షీబా ఆగింది. నేను గాజులోంచి చేత్తో లెక్క చూపిస్తున్నాను. సగంలో ఆ పిల్ల హెడ్‌ఫోన్లు ఊడబెరికి బయటికి వచ్చేసింది.

"అన్నయ్యా, లోపల ఇంకెవరో ఏక్ దో అని గిన్తీ చేస్తున్నారు. నా కన్నా ముందు చేస్తున్నారు."

ఎంతదాకా విన్నావని అడిగాను. ఎందుకడిగానో. ఉన్నీస్ అంది, పంతొమ్మిది. చున్నీ కూడా మరిచిపోయి వెళ్లిపోయింది. మళ్లీ రాదు.

9 మే

కార్డు ఊడదీసి బల్ల మీద పెట్టాను. కంప్యూటర్ ప్లగ్గు కూడా పీకేశాను. హెడ్‌ఫోన్లు మేకుకు తగిలించాను. రెండింటికి గుమ్మంలో నిలబడ్డాను.

ఇక్కీస్.

10 మే

తిరిగి పెట్టాను, మూడో స్లాటులోనే. బల్ల మీద ఉంచడం కంటే లోపల ఉంచడమే నయం.

తేయీస్.

11 మే, ఆదివారం

గుడికి వెళ్లలేదు. చౌబీస్. రోజుకు ఒకటి చొప్పున వస్తోంది ఇప్పుడు. తొందర లేదు దానికి.

12 మే

పచ్చీస్.

రేపు ఏమవుతుందో నాకు తెలుసు కాబట్టి ఇవాళే రాస్తాను.

కిందటేడు మే 14న డైసీ ఛబ్బీస్ దాకా, ఇరవై ఆరు దాకా లెక్కపెట్టింది. ఛబ్బీస్ అన్నాక, "ఏవండీ, దర్వాజా తియ్యండి" అంది. సైరన్ గోలలో నాకు వినబడలేదని ఏడాదిగా నాకు నేనే చెప్పుకుంటున్నాను. హెడ్‌ఫోన్లు నా చెవులకే ఉన్నాయి. మీటరు ముల్లు కదిలింది. నేను విన్నాను. పొద్దుట్నుంచి తొమ్మిదిసార్లు పాడించాను, ఈ ఒక్కసారి బాగా వస్తోంది. తలుపు తీస్తే అంతా మొదటికి వస్తుంది. గొళ్లెం బయటే ఉంది, నా చేతికి అందేంత దూరంలో. నేను ఎర్ర బటను నొక్కి, "ఇంకా పధ్నాలుగే" అన్నాను.

నలభై అయ్యాక తీశాను.

ఆ టేకులో సైరన్ దగ్గర్నుంచి ఉన్నదంతా నేనే చెరిపేశాను. సాయంత్రం, ఆసుపత్రి నుంచి వచ్చాక. ముందు ఆమె బట్టలు మడత పెట్టి, తర్వాత కూర్చుని చెరిపాను.

రేపు అత్త వస్తానంది. కూడికలో అందరి మధ్యా వింటే ఏడుపు ఆగదు, ముందే ఒకసారి ఒంటరిగా వింటానంది. డిస్కు పాడైపోయిందని చెప్పేస్తాను. కంప్యూటర్లు పాడవుతాయి. ఎవరైనా నమ్ముతారు.

13 మే, మంగళవారం

జరిగింది వరసగా రాస్తాను.

అత్త ఒంటిగంటన్నరకు వచ్చింది. సీసాలో మామిడికాయ పన్నా, కొంగున ఉల్లిపాయ. కుర్చీలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెట్టి మొదటి రెండు చరణాలు వినిపించాను. కన్నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. రెండో చరణం అయిపోయింది. నా వైపు చూసింది. డిస్కు సంగతి చెప్పడానికి నోరు తెరిచాను. మైకు వైరు ఊడినట్టుంది, చూసి వస్తానని బూత్‌లోకి వెళ్లాను. ఎందుకంటే ఆమె మొహం చూడలేక. ఇటుక అడ్డం పెట్టే వెళ్లాను. పెట్టాననే గుర్తు.

తలుపు మూసుకుంది. సైరన్ మొదలైంది.

లోపల వేడి మెడ మీద చెయ్యి వేసినట్టు ఉంది. తోశాను. ఆ తలుపు లోపలి నుంచి తోస్తే తెరుచుకోదు, అలా కట్టింది నేనే. గొళ్లెం ఉండాల్సిన చోట తడిమాను. అక్కడ ఫోమ్ లోపలికి నొక్కుకుపోయి ఉంది. నాలుగు గుంటలు, వరసగా. నా వేళ్లు పెట్టి చూశాను. పట్టలేదు. చిన్న వేళ్లవి.

గాజులోంచి అత్త కనబడుతోంది. హెడ్‌ఫోన్లతో, కంప్యూటర్ వైపు తిరిగి. పెదవులు కదులుతున్నాయి. ఏం వింటోందో నాకు లోపలికి వినబడదు. కానీ పెదవులను బట్టి తెలిసిపోతోంది. బాయీస్. తేయీస్. నేను తలుపు బాదాను. మైకు దగ్గర నోరు పెట్టి, "అత్తా, తలుపు" అన్నాను.

ఛబ్బీస్ దగ్గర ఆమె పెదవులు ఆగాయి. నెమ్మదిగా నా వైపు తిరిగింది. ఆమె ఇంట్లో టీవీ కూడా ఎవరో ఒకరు పెట్టాలి, తనకు పెట్టడం రాదు. అలాంటి మనిషి చెయ్యి చాపి, వెతుక్కోకుండా, ఎర్ర బటను నొక్కింది. లోపల మేకుకు వేలాడుతున్న హెడ్‌ఫోన్లలోంచి సన్నగా వచ్చింది ఆమె గొంతు.

"ఇంకా పధ్నాలుగే బాబూ."

ఆ మాట నేను భూమ్మీద ఎవరికీ చెప్పలేదు. ఈ డైరీలో నిన్న రాశాను, అంతే. డైరీ బల్ల మీదే ఉంది. అత్తకు చదువు రాదు.

పధ్నాలుగు ఎంత పొడుగో నాకు తెలియలేదు ఇంతకాలం. చెప్పడానికి చాలా చిన్న అంకె.

నలభై అయ్యాక గొళ్లెం తీసింది. నేను బయటికొచ్చి గుమ్మంలో కూర్చున్నాను. అత్త పన్నా గ్లాసులో పోసి నా ముందు పెట్టింది. కొంగులోని ఉల్లిపాయ తీసి దాని పక్కన పెట్టింది. నేను చెప్పాలనుకున్నాను, అంతా, వరసగా. ఆమె చెయ్యి ఎత్తి వద్దంది.

"నాకు కాదు. నాను ఇన్నాను. రేపు అందరికీ సెప్పు."

చెప్పులేసుకుని ఆ ఎండలో నడిచి వెళ్లిపోయింది.

14 మే, బుధవారం

పొద్దున గోవిందరావు మావయ్య వచ్చి బూత్ తలుపు ఊడదీసి పెరట్లో పడేశాడు. ఎందుకని అడగలేదు. కార్డు కూడా తీసేశాను. రెండు చరణాలు రాత్రే క్యాసెట్టుకు ఎక్కించి ఉంచాను.

కూడిక ఒంటిగంటకు. గుడి నిండింది. షీబా వెనక వరసలో కూర్చుంది, నన్ను చూసి తల దించుకుంది. పాట వినిపించాను. రెండో చరణం అయ్యి టేపు ఖాళీగా తిరుగుతుంటే అందరూ మూడో దాని కోసం చూస్తున్నారు. నేను లేచి నిలబడి మూడో చరణం లేదని చెప్పాను. ఎందుకు లేదో చెప్పాను. తొమ్మిదిసార్లు పాడించడం, కూలర్, గొళ్లెం, దర్వాజా తియ్యండి అన్న మాట, పధ్నాలుగు. దేన్నీ వదలలేదు. ఏడుస్తూ చెప్పలేదు. ఏడిస్తే జాలి పడతారేమోనని భయమేసింది. ఎవరో ఆడమనిషి అయ్యో అంది. పాస్టరు గారు బైబిలు మూసేశారు. తర్వాత ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు.

అప్పుడే రెండయింది. సైరన్ మోగింది.

ముందు వరసలో అత్త ముసుగు సర్దుకుని కళ్లు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. తల్లి ప్రార్థన చేస్తోందనుకుని ఒక్కొక్కరే అందరూ తలలు వంచారు.

నేను వంచలేదు. ఆమె ఎంతదాకా వచ్చిందో చూస్తూ నిలబడ్డాను. ఛబ్బీస్ దగ్గర ఆగి, కళ్లు తెరిచి నన్ను చూసింది. సైరన్ ఇంకా మోగుతూనే ఉంది.

మిగతాది నేను లెక్కపెట్టాను.